అణువ్యర్థాల నిఘా ఖర్చు ఎవరు భరించాలి: ఘనపుటడుగుకు ఫీజా, ఖజానా డబ్బా, ఏటా లైసెన్సు ఫీజా?

అణు విద్యుత్ కేంద్రాల్లో వాడేసిన ఫిల్టర్లు, రెజిన్లు, చేతి తొడుగులు, ఆసుపత్రులూ ల్యాబుల నుంచి వచ్చే కలుషిత సామాను, ఇలాంటివన్నీ అమెరికాలో తక్కువ స్థాయి రేడియోధార్మిక వ్యర్థాల కిందికి వస్తాయి. బయటి నుంచి తెచ్చిన ఈ సరుకును పూడ్చే కమర్షియల్ స్థలాలు నాలుగే ఉన్నాయి: సౌత్ కరోలినాలో బార్న్‌వెల్, వాషింగ్టన్‌లో రిచ్‌లాండ్, యూటాలో క్లైవ్, టెక్సాస్‌లో ఆండ్రూస్ కౌంటీ. వీటికి లైసెన్సు ఇచ్చి తనిఖీ చేసేది ఆయా రాష్ట్రాలే. మరి ఇన్‌స్పెక్టర్ల జీతాలకీ, లీకేజీ తెలుసుకోడానికి చుట్టూ తవ్విన బావుల నీటి పరీక్షలకీ డబ్బు ఎక్కణ్ణుంచి రావాలి?

పూడ్చే ప్రతి ఘనపుటడుగుకీ ఇంత అని వసూలు చేయడం మొదటి దారి. చెత్త చేసినవాడే కట్టుకోవాలి, న్యాయంగానే ఉంది. రేటు పెరిగితే కంపెనీలు చెత్తను నొక్కి, కాల్చి తగ్గించుకుంటాయి, అదీ మంచిదే. కానీ చిక్కంతా అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే లోడ్లు సగానికి పడితే రాబడీ సగానికి పడుతుంది, కానీ పరీక్షించాల్సిన బావులు తగ్గవు, అంతకుముందు పూడ్చింది ఎక్కడికీ పోదు.

కెంటకీలో సరిగ్గా ఇదే జరిగింది. అక్కడి మాక్సీ ఫ్లాట్స్‌లో 1963 నుంచి పూడుస్తూ వచ్చారు. కందకాల్లోకి వాననీరు చేరి రేడియోధార్మికత బయటికి కదులుతోందని తేలింది. 1976లో రాష్ట్రం పౌనుకు 10 సెంట్ల పన్ను వేసింది, దాంతో లోడ్లు వేరే రాష్ట్రాలకు మళ్లాయి, 1977 చివరికి స్థలం మూతపడింది. రాబడి ఆగింది, బాధ్యత రాష్ట్రం నెత్తిన పడింది. 1986లో అది ఫెడరల్ సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది, అంటే దేశంలో ముందుగా శుభ్రం చేయాల్సిన కలుషిత స్థలాల జాబితాకి.

సౌత్ కరోలినా 1995లో బార్న్‌వెల్‌ను నార్త్ కరోలినా తప్ప దేశమంతటికీ తెరిచి, ఘనపుటడుగుకు 235 డాలర్లు వేసి, ఆ డబ్బును చదువులకు మళ్లించింది. ఇది నాకు అస్సలు నచ్చదు. బడి భవనాలూ స్కాలర్‌షిప్పులూ చెత్త రాకమీద ఆధారపడితే, రేపు ఆ చెత్తను ఆపాలనే ధైర్యం ఏ ప్రభుత్వానికి ఉంటుంది? చివరికి 2008 జులై నుంచి అక్కడ సౌత్ కరోలినా, కనెక్టికట్, న్యూజెర్సీల సరుకే తీసుకుంటున్నారు.

రెండోది ఖజానా నుంచి ఇవ్వడం. తనిఖీ చేసే ఆఫీసు తాను తనిఖీ చేసే కంపెనీ ఫీజు మీద బతకక్కర్లేదు, దీనికున్న బలం అదొక్కటే. పన్ను కట్టే మామూలు జనం మీద భారం పడుతుంది, బడ్జెట్ బిగిసిన ఏడాది ముందు కోతపడేది ఇలా ఎవరి కంటికీ కనపడని పనికే. అలాగని ఫీజులకు రాజకీయం అంటదని కాదు: 2019లో టెక్సాస్‌లో గృహహింస మీద ఉన్న బిల్లుకు చివర్లో ఈ వ్యర్థాల ఫీజుల వెసులుబాటు తగిలించారు, గవర్నర్ గ్రెగ్ అబాట్ మొత్తం బిల్లునే వీటో చేశారు.

మూడోది, చెత్త ఎంత వచ్చినా రాకపోయినా, దాన్ని పుట్టించే లైసెన్సుదార్ల నుంచి ఏటా స్థిరంగా ఫీజు తీసుకోవడం. చిన్న ఆసుపత్రికీ రియాక్టర్‌కీ ఒకటే రేటంటే అన్యాయం, శ్లాబులు పెట్టాలి. అది చేస్తే నా ఓటు దీనికే, ఇన్‌స్పెక్టర్ జీతం లారీల లెక్కమీద ఆధారపడకూడదు.

ఘనపుటడుగు ఫీజును కూడా ఉంచాలి, కానీ అది మూసివేత తర్వాతి కాపలాకు విడి నిధిలో పడాలి, బడ్జెట్ లోటు పూడ్చుకోడానికి దాన్ని ముట్టుకోకుండా చట్టంలోనే రాయాలి. ఈ వ్యర్థాల్లో ఉండే సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం సగం తగ్గడానికే 30 ఏళ్లు, వెయ్యో వంతుకు రావడానికి దాదాపు 300 ఏళ్లు. ఫెడరల్ నిబంధనలేమో మూసివేత తర్వాత కాపలా మీద 100 ఏళ్లకు మించి ఆధారపడొద్దంటాయి. ఆ నూరేళ్లకైనా డబ్బు ఇప్పుడే, లోడ్లు వస్తున్నప్పుడే పక్కన పెట్టాలి. మాక్సీ ఫ్లాట్స్‌లో చివరి లోడు దిగి నలభై ఏళ్లు దాటింది, కెంటకీ ఇంకా ఆ కందకాల మీది కప్పును కాచుకుంటూ, చుట్టూ నీళ్లు పరీక్షిస్తూనే ఉంది.