హాలు గోడపై మోనె గసగసాల పొలం: కొన్నేళ్ల వాడకం తరువాత

ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనె 1873లో చిత్రించిన ఎర్ర గసగసాల పొలం కాన్వాస్ ప్రింటు రూపంలో మా హాల్లో, సోఫా వెనక గోడ మీద కొన్నేళ్లుగా ఉంది. పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్న అసలు చిత్రం 65 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే. మా ప్రింటు వెడల్పు 150 సెంటీమీటర్లు; వైశాల్యంలో అసలుకు ఐదు రెట్లు పైనే. దీనిలోని మంచీ చెడూ చాలావరకు ఈ తేడా నుంచి వచ్చినవే.

మోనె ఆ పూలకు రేకులు గాని కాడలు గాని గీయలేదు. ఆకుపచ్చ మీద ఎర్రరంగు అద్ది వదిలేశాడు. ప్రింటులో ఆ అద్దకాలు రెండింతలకు పైగా వెడల్పయ్యాయి కనుక, దగ్గర నిలబడి చూస్తే ముందుభాగమంతా మరకలుగానే కనిపిస్తుంది. మూడు మీటర్లు వెనక్కి జరిగితే ఆ మరకలన్నీ పొలంగా కూడుకుంటాయి. గట్టు మీద ఒక స్త్రీ, పిల్లవాడు, కింద గొడుగు పట్టుకున్న మరో స్త్రీ, పిల్లవాడు, వారిని కలుపుతూ ఏటవాలుగా దిగే నేల స్పష్టమవుతాయి. మా ఇంట్లో ఆ దూరం భోజనాల బల్ల దగ్గర దొరుకుతుంది. (సోఫాలో కూర్చున్నవారికి బొమ్మ వీపు వెనకే ఉండిపోతుంది.) ఇరుకు గదికి మాత్రం ఈ పరిమాణాన్ని నేను సిఫారసు చేయను, అక్కడ అసలు కొలతలకు దగ్గరగా ఉన్న ప్రింటే మేలు.

కొనేముందు, ప్రింటు తీసే డిజిటల్ బొమ్మ ఫైలు నాణ్యత అడిగి తెలుసుకోవాలి. అంగుళానికి 150 చుక్కల చొప్పున లెక్క వేసినా ఈ వెడల్పుకు సుమారు 8,900 పిక్సెళ్లు కావాలి. అంతకు బాగా తగ్గితే కుంచె జాడలు అలుక్కుపోతాయి.

వెలుతురు విషయంలో ఈ చిత్రం చాలా పేచీకోరు. మామూలు తెల్లని ఎల్‌ఈడీ దీపాల్లో ముదురు ఎరుపు కాంతి తక్కువ. వాటి కింద గసగసాల పూలు ఇటుకరంగుకు దిగిపోయేవి. రంగుల సూచిక (దీపం కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, గరిష్ఠం 100) 90కి పైన ఉన్న 3000 కెల్విన్ దీపాలు, అంటే కాస్త పసుపు ఛాయ తెలుపువి, పెట్టాక ఎరుపు తేరుకుంది. కాన్వాస్‌కు మెరుపు లేదు, పైన అద్దం లేదు కనుక, ఎదురుగా పెద్ద కిటికీ ఉన్నా పగలు ప్రతిబింబాల బెడద లేదు.

ఫ్రేము వెనక్కి మడిచిన అంచు వెలుతురు సోకని భాగం. ముందువైపు రంగును దానితో పోల్చి చూస్తుంటాను. ఇంతవరకు కంటికి ఆనే తేడా లేదు. గోడ మీద నేరుగా ఎండ పడకపోవడం, వర్ణక సిరాతో (కరిగే రంగుకు బదులు సన్నని రంగు పొడి కలిపిన సిరా) ముద్రించడం అందుకు కారణాలని అనుకుంటున్నాను. తేమ రోజుల్లో కాన్వాస్ కాస్త వదులైంది గాని, ఫ్రేము మూలల్లో దూర్చిన చిన్న చెక్కముక్కలను సుత్తితో మెల్లగా తట్టగానే బిగిసింది.

బూడిదరంగు సోఫా, తెల్లని గోడ, సన్నని చెక్క ఫ్రేము దీనికి చక్కగా నప్పాయి. బంగారు నగిషీల ఫ్రేము ఉంటేనే ఇలాంటి చిత్రాలకు అందమని కొందరంటారు. కాని మోనెలాగే ఇంప్రెషనిస్టుల్లో (కంటికి తోచిన వెలుతురును అద్దకాలతో పట్టిన చిత్రకారులు) ఒకడైన పిస్సారోయే తన చిత్రాలను తెల్లని ఫ్రేముల్లో ప్రదర్శించాడు. బొమ్మలోని ఎరుపుకు జోడీగా ఎర్ర దిండ్లు వేయమనే సలహాను కూడా నేను పాటించలేదు. ఆ ఎరుపుకు బలమంతా చుట్టూ ఉన్న ఆకుపచ్చ వల్ల వచ్చింది. పక్కనే అంతకంటే చిక్కని ఎరుపు పెడితే పూలు వెలవెలబోతాయి.

ఇంత వెడల్పు ప్రింటు ఒకే మేకు మీద పక్కకు ఒరుగుతుంది కనుక రెండు కొక్కేలు తప్పనిసరి. కాన్వాస్ నేతలో దుమ్ము త్వరగా చేరుతుంది; పొడి మెత్తని కుంచెతో దులిపితే చాలు, తడిగుడ్డ తగలనివ్వకూడదు.