ఉప్పు బంధం, పంచదార బంధం

అయానిక బంధానికీ సమయోజనీయ బంధానికీ తేడా పుస్తకంలో చదివితే ఒక పట్టాన బుర్రకెక్కదు. గుంటూరులో ఏ వంటింట్లోనైనా దొరికే ఉప్పు, పంచదారలతో చూస్తే తేలిక.

ఉప్పులో ఎలక్ట్రాన్ ఒక పరమాణువు నుంచి ఇంకోదానికి చేతులు మారుతుంది, ఇదే అయానిక బంధం. సోడియంలో 11 ఎలక్ట్రాన్లు కేంద్రకం చుట్టూ పొరలుపొరలుగా 2, 8, 1గా సర్దుకుని ఉంటాయి. చివరిది పోతే ధన అయాన్, అంటే ధన విద్యుదావేశం ఉన్న కణం. క్లోరిన్‌వి 2, 8, 7. ఒకటి వచ్చి చేరితే రుణ అయాన్. సోడియం ఎలక్ట్రాన్‌ను ‘సంతోషంగా దానం చేస్తుంది’ అని క్లాసులో చెప్పే మాట మాత్రం నాకు నచ్చదు. దాన్ని లాగడానికి శక్తి కావాలి, క్లోరిన్ దగ్గర వెలువడేది అందుకు చాలదు. ఆ లోటు తీరేది అయాన్లన్నీ ఆకర్షించుకుని స్ఫటికంగా పేరుకున్నప్పుడే. ఆ ఆకర్షణ అంత గట్టిది కాబట్టే ఉప్పు (నీళ్లలో కాదు, వేడికి) కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి.

పంచదారలో ఎవరూ ఇవ్వరు, ఎవరూ పుచ్చుకోరు. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ ఎలక్ట్రాన్ జంటల్ని పంచుకుంటాయి, ఇదే సమయోజనీయ బంధం. ఒక్కో అణువులో 45 పరమాణువులు. అణువు లోపల బంధాలు గట్టివే, అణువుకీ అణువుకీ మధ్య పట్టు తక్కువ. మూకుడులో కాస్త వేడికే పంచదార కరిగి ఎర్రబడుతుంది, పక్కన ఉప్పు చిటపటలాడుతుందే తప్ప కరగదు.

తొమ్మిది వోల్టుల బ్యాటరీకి చిన్న ఎల్‌ఈడీ బల్బు కలిపి వైర్లు ముంచితే ఉప్పునీళ్లలో బల్బు వెలుగుతుంది, ఎందుకంటే నీళ్లలో విడిపోయిన అయాన్లు కరెంటును మోస్తాయి. అయాన్లు లేని పంచదార నీళ్లలో వెలగదు. కుళాయి నీళ్లలో ముందే లవణాలుంటాయి కాబట్టి ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. ప్లగ్గులో వైర్లు పెట్టి మాత్రం చూడొద్దు.