పెర్ల్ హార్బర్: టార్పెడోనా, కవచం చీల్చే బాంబా?

1941 డిసెంబర్ 7న హవాయిలోని పెర్ల్ హార్బర్ రేవులో ఉన్న అమెరికా యుద్ధనౌకల మీద మొదటి దఫాలో జపాన్ రెండు ఆయుధాలు వాడింది: 40 విమానాలకు టార్పెడోలు (నీటిలో దూసుకెళ్లి ఓడను పేల్చేవి), 49 విమానాలకు ఓడ ఉక్కు కవచాన్ని చీల్చే బాంబులు.

టార్పెడోకు అడ్డంకి లోతు. రేవులో నీళ్లు సుమారు 12 మీటర్లే. మామూలుగా విమానం నుంచి వదిలిన టార్పెడో అంతకంటే చాలా లోతుకు మునిగి బురదలో దిగబడుతుంది. అందుకే అమెరికన్లు ఓడల చుట్టూ టార్పెడోలను ఆపే వలలు కట్టలేదు. జపనీయులు తోక రెక్కలకు చెక్క పలకలు తగిలించారు. అవి గాలిలో టార్పెడోను నిలకడగా ఉంచి, నీటిని తాకగానే ఊడిపోతాయి. విమానం నీటికి దాదాపు 20 మీటర్ల ఎత్తులోనే ఎగరాలి. తుపాకులకు సులువుగా దొరికేది అక్కడే: మొదటి దఫాలో 5 టార్పెడో విమానాలు కూలాయి.

అయితే చాలా ఓడలు జంటలుగా కట్టి ఉన్నాయి, టార్పెడో బయటి ఓడనే తాకగలదు. బయటి వరుసలోని ఓక్లహోమా అనే యుద్ధనౌక బోల్తా పడింది, 429 మంది పోయారు. వెస్ట్ వర్జీనియాలో సిబ్బంది టార్పెడోలు తగిలిన వైపుకు ఎదురువైపు గదుల్లోకి నీళ్లు వదిలారు కాబట్టి నిటారుగా మునిగింది. ఆ నిర్ణయం ఎన్నో ప్రాణాలు కాపాడింది. లోపలి టెనెసీ, మేరీలాండ్‌లను టార్పెడో తాకలేదు.

వాటికోసమే బాంబు. 41 సెంటీమీటర్ల ఫిరంగి గుండును మార్చి చేసిన 800 కిలోల బాంబును దాదాపు 3,000 మీటర్ల నుంచి వదిలారు. తగిలినవి కొన్నే, వాటిలోనూ కొన్ని సరిగా పేలలేదు. కానీ ఒకటి అరిజోనా ముందు మందుగుండు గదిని పేల్చింది: 1,177 మంది మరణించారు.

ప్రాణనష్టంలో బాంబుదే పైచేయి, నమ్మకంగా ఓడలు ముంచింది మాత్రం టార్పెడోయే.