టీఆర్‌సీ ఏడో సంపుటం: పెద్దక్షరాలు బంగారం, తేదీలతోనే భద్రం

దక్షిణాఫ్రికా సత్య-సయోధ్య కమిషన్ (టీఆర్‌సీ) అంటే వర్ణవివక్ష కాలపు హింసను ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన విచారించిన సంఘం, అంతకుమించి చెప్పను. ఆ నివేదికలో 2002లో వచ్చిన ఏడో సంపుటం గురించే ఈ సమీక్ష. అందులో ఉన్నది ఇరవై వేలకు పైగా బాధితుల పేర్లు. వరుసగా చదవడానికి కాదు, పట్టికలు కట్టడానికి ఏళ్ల తరబడి వాడాక చెబుతున్న మాటలివి.

ముందు దాని జబ్బు. పేర్లన్నీ ఇంటిపేరు అక్షరక్రమంలో ఉంటాయి. పేరు, బ్రాకెట్లో ఘటన నాటి వయసు, ఏ పార్టీ మనిషి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏం చేశారు. రెండు మూడు వాక్యాల్లో మనిషి కథ అయిపోతుంది. పేరు తెలిసి వెతికేవాడికి ఇది చక్కగానే ఉంటుంది. ఘటన తెలిసి వెతికేవాడికి మాత్రం నరకం. 1985 అక్టోబరు 15న కేప్‌టౌన్ పక్కన అథ్లోన్‌లోని థార్న్‌టన్ రోడ్డులో ఓ రైల్వే లారీ మీది చెక్కపెట్టెల్లో దాక్కున్న పోలీసులు లేచి కాల్చారు. ముగ్గురు చనిపోయారు, అందులో చిన్నవాడికి పదకొండేళ్లు. తగిలిన తూటాలన్నీ ఒక్క లారీవే, దెబ్బతిన్నవాళ్లు మాత్రం సంపుటమంతా చెల్లాచెదురు.

దానికి మందు కూడా ఆ పుస్తకంలోనే ఉంది. నాకు ఈ సంపుటం మీద మోజు పుట్టించింది అదే. ముఖ్యమైన ఘటనల పేర్లను ఇంగ్లీషు పెద్దక్షరాల్లో వేశారు. ఒక ఎంట్రీ చివర ట్రోజన్ హార్స్ ఆంబుష్ (ఆ లారీ కాల్పులకు పడిన పేరు) అని పెద్దక్షరాల్లో కనబడితే ఆ మాట పట్టుకుని వెతికితే చాలు, చెదిరినవాళ్లు ఒకచోటికి వస్తారు. క్వాజులూలో న్ద్వెద్వె దగ్గరి సోంకోంబో ఇళ్ల దహనాలు చూడండి. 1994 మార్చి 16, అన్ని జాతులవాళ్లకూ ఓటు దక్కిన తొలి ఎన్నికలకు సరిగ్గా ఆరు వారాల ముందు. ఎంట్రీ తర్వాత ఎంట్రీ: ఏఎన్‌సీ (మండేలా పార్టీ) మద్దతుదారు, ఇంకాతా (దాని ప్రత్యర్థి జులూ పార్టీ) మద్దతుదారులు ఇల్లు తగలబెట్టారు, చూడుము సోంకోంబో. పేరూ వయసూ తప్ప వాక్యం మారదు. మొదటిసారి చదివినప్పుడు విసుగొస్తుంది. పట్టికలోకి ఎక్కించాక ఆ విసుగే ఓ ఊరి చిత్రం. ఇల్లు కాల్చడాన్ని కమిషన్ ‘తీవ్ర దుర్వ్యవహారం’ కింద లెక్కించింది కాబట్టే వీళ్లందరికీ పుస్తకంలో చోటు దక్కింది.

ఇక నన్ను ముంచిన సంగతి. సంపుటంలో తేదీలన్నీ ఒక రకం కావు. కొన్ని రోజుతో సహా ఉంటాయి. కొన్ని ‘1986 జూన్’ అని నెలతో ఆగిపోతాయి. కొన్ని ఉత్త సంవత్సరమే. పదేళ్ల కిందటి దెబ్బ గురించి చెబుతున్న మనిషికి రోజు గుర్తుండకపోవడం సహజమే, కమిషన్ కూడా ఉన్నదే రాసింది. గొడవ ఎక్సెల్‌తో. ‘జూన్ 1986’ అని ఇంగ్లీషులో కొడితే అది మాట కూడా చెప్పకుండా ‘1986 జూన్ 1’గా దాచుకుంటుంది. తెర మీద ‘జూన్-86’ అనే కనిపిస్తుంది కాబట్టి అనుమానం రాదు. వరసలు పెట్టి గ్రాఫ్ గీసినప్పుడు ప్రతి నెలా ఒకటో తేదీన ఓ మేకు లేచింది.

మేకులైతే దాచెయ్యొచ్చు, కానీ 1986 జూన్‌లో అది చరిత్రనే తిప్పేసింది. 1985 జూలైలో కొన్ని జిల్లాలకు పెట్టిన ఎమర్జెన్సీని 1986 మార్చి 7న ఎత్తేశారు. దేశమంతటికీ కొత్త ఎమర్జెన్సీ వచ్చింది జూన్ 12న. ఆ మధ్య మూడు నెలలు ఎమర్జెన్సీ లేదు. నెల మాత్రమే తెలిసిన జూన్ ఎంట్రీలన్నీ ఒకటో తేదీకి చేరి, సరిగ్గా ఆ ఎమర్జెన్సీ లేని కాలంలో కూర్చున్నాయి. చూసినవాడికి హింస ముందు పెరిగి, దాన్ని ఆపడానికే ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టినట్టు కనిపిస్తుంది. అప్పటి ప్రభుత్వం వాదన కూడా అచ్చం అదే. ఓ సాఫ్ట్‌వేర్ అలవాటు ఆ వాదనకు సాక్ష్యం తయారుచేసి పెట్టింది.

విరుగుడు తేలికే, మొదటి రోజే చేస్తే. డేటా అతికించక ముందే కాలమ్‌లన్నిటినీ టెక్స్ట్‌గా మార్చాలి. తేదీకి మూడు గళ్లు: సంవత్సరం, నెల, రోజు. తెలియనిది ఖాళీగా ఉండాలి, సున్నా కూడా వద్దు. నాలుగో గడిలో తేదీ ఎంతవరకు ఖాయమో ఒక్క అక్షరం: ‘రో’ అంటే రోజు, ‘నె’ నెల, ‘సం’ సంవత్సరం. రోజువారీ గ్రాఫ్‌లోకి ‘రో’ ఉన్నవే పోవాలి, ‘నె’ ఉన్నవి నెల గ్రాఫ్‌లోకి, ‘సం’ ఉన్నవి సంవత్సరం గ్రాఫ్‌లోకి. ఒకే ఎంట్రీలో 1977లో నిర్బంధం, 1986లో చిత్రహింస ఉంటే రెండు వరసలు రాసి మనిషి నంబరు మాత్రం ఒక్కటే పెట్టాలి. లేకపోతే మనుషుల లెక్కా, ఘటనల లెక్కా కలిసిపోయి రెండూ పాడవుతాయి. చివరి గడిలో అసలు వాక్యాన్ని ఒక్క అక్షరం ముట్టకుండా ఉంచండి. ఎప్పుడో ఒకప్పుడు దాని దగ్గరికే తిరిగి రావాలి.

ఊళ్ల పేర్లదీ ఇదే తంతు. లాంగా అనే టౌన్‌షిప్‌లు, అంటే ఊరి పక్కన నల్లవాళ్లకు కేటాయించిన పేటలు, రెండు. కేప్‌టౌన్ లాంగాలో 1960 మార్చి 21న, షార్ప్‌విల్‌లో నిరసనకారుల మీద పోలీసు కాల్పులు జరిగిన రోజునే, పోలీసులు కాల్చారు. యూటెన్‌హేగ్ లాంగాలో 1985 మార్చి 21న, షార్ప్‌విల్‌కు పాతికేళ్లు నిండిన రోజున, అంత్యక్రియలకు నడిచి వెళ్తున్నవాళ్ల మీద కాల్చారు. వార్షికాల క్యాలెండర్ కోసం ఊరు, నెల, రోజు పట్టుకుని గుంపు కడితే రెండూ ఒకటైపోతాయి. ఊరి గడి పక్కన జిల్లా గడి తప్పదు. యూటెన్‌హేగ్ ఇప్పుడు కరీఖా, పోర్ట్ ఎలిజబెత్ ఇప్పుడు ఖెబెర్హా, రెండూ 2021లో మారాయి. పుస్తకంలో పాత పేర్లే ఉంటాయి. పాతదీ కొత్తదీ రెండు గళ్లలో వేసుకోవాలి. స్కాన్ ప్రతి వాడేవాళ్లకు ఇంకో మాట: వరుస చివర అడ్డగీతతో విరిగిన ఊరిపేరు వెతుకులాటకు దొరకదు. పీటర్‌మారిట్జ్‌బర్గ్ లాంటి పొడుగు పేర్లను ముక్కలుగా కూడా వెతకండి.

ఇంతకుముందు పెద్దక్షరాలను తెగ పొగిడాను కదా, కొంచెం వెనక్కి తీసుకోవాలి. పేరు పడిన ఘటనలకే అవి ఉంటాయి. పేరు పడని ఊళ్లో, పేరు పడని రాత్రి జరిగినదానికి ఆ తోక ఉండదు. తోక లేనంత మాత్రాన ఆ మనిషి ఒంటరిగా దెబ్బతిన్నట్టు కాదు. పైగా ట్రోజన్ హార్స్ అన్న పేరును మర్నాడు, అంటే అక్టోబరు 16న, క్రాస్‌రోడ్స్‌లో జరిగినదానికి కూడా వాడుతుంటారు. కాబట్టి పేరుతోపాటు ఊరూ తేదీ సరిపోల్చాకే గుంపు కట్టాలి.

మొత్తం హింసకు ఇది కొలబద్ద కాదన్నది వాడేకొద్దీ ఒంటికి పడుతుంది. కమిషన్ దగ్గరికి వచ్చి వాంగ్మూలం ఇచ్చినవాళ్ల ద్వారానే ఎక్కువ పేర్లు వచ్చాయి. అందులో హత్యలు సుమారు 10 వేలు. 1948 నుంచి 1994 దాకా రాజకీయ హింసలో పోయినవాళ్లు 21 వేల మంది అని, అందులో 14 వేలు 1990 తర్వాతేనని అక్కడి మానవ హక్కుల సంఘం లెక్క. క్వాజులూ-నటాల్‌లో ఇంకాతా వాళ్లు చాలాకాలం కమిషన్‌కు దూరంగా ఉండి, 1997లో గడువు ముంచుకొచ్చాక పెద్దసంఖ్యలో వచ్చారు. ఓ లోయలో పేర్లు తక్కువుంటే అక్కడ హింస తక్కువని రాయకండి. చట్టం లెక్కలోకి తీసుకున్నవి నాలుగే: హత్య, అపహరణ, చిత్రహింస, తీవ్ర దుర్వ్యవహారం. పాస్ చట్టాల (నల్లవాళ్ల రాకపోకలను కట్టడి చేసినవి) అరెస్టులు, లక్షల మందిని ఊళ్లు ఖాళీ చేయించడం ఇందులో దొరకవు.

మనవాళ్ల పేర్లు వెతకాలనుకునేవాళ్లకు. 1860 నుంచి మద్రాసు ఓడల్లో నటాల్ చెరకు తోటలకు వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. నాయుడు అక్కడ ఎక్కువగా చివర జంట ‘ఓ’లతో ఉంటుంది, అక్కడక్కడ ‘యూ’తో. రెండూ వెతకండి. కానీ ఆ ఇంటిపేరు చూసి తెలుగని తేల్చేయకండి, తమిళులకూ అదే ఉంది, సంపుటం భాష రాయదు.

ఇంకో లోపం పుస్తకానిది కాదు, కాలానిది. 1971లో జొహాన్నెస్‌బర్గ్ పోలీసు భవనం జాన్ వోర్‌స్టర్ స్క్వేర్ పదో అంతస్తు నుంచి పడి చనిపోయిన అహ్మద్ టిమోల్‌ది ఆత్మహత్య అని 1972 విచారణ చెప్పింది. 2017లో కోర్టు దాన్ని తిరగతోడి హత్య అని తేల్చింది. అచ్చయిన సంపుటం అక్కడే ఉండిపోతుంది. కస్టడీ చావులకు విడిగా ఓ గడి పెట్టుకుని తర్వాతి తీర్పు ఏమిటో ఎక్కించుకుంటూ ఉండాల్సిందే.

కొనాలా, దించుకోవాలా అంటే, నాది పట్టికల పని, ఓపిక ఉంది, అందుకని నాకు ఇదే మొదటి పుస్తకం. ఒక్క కుటుంబం కథ కావాలనుకునేవాళ్లకు మూడు వాక్యాలు సరిపోవు, వాళ్లు విచారణల ప్రతుల నుంచి మొదలుపెట్టడం మేలు. పాఠం చెప్పే టీచరైతే, సోంకోంబో పేజీలు కొన్ని ప్రింటు తీసి పిల్లల చేత వయసులు కూడించి చూడండి.