ఆడవాళ్ల పాదం చూసి చేసిన ఫుట్‌బాల్ బూట్లు: ఎవరికి నప్పుతాయి, ఏ గ్రౌండ్‌కు పనికొస్తాయి

ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిల్ని బూట్ల సంగతి అడిగితే ఎక్కువ మంది చెప్పేది ఒకటే: వేళ్ల దగ్గర బిగుతు, మడమ దగ్గర వదులు. దీనికి మూలం బూటు తయారయ్యే అచ్చులో ఉంది. ఆ అచ్చును లాస్ట్ అంటారు. దశాబ్దాల పాటు దాన్ని మగవాళ్ల పాదం చూసే చెక్కారు. ఆడవాళ్లకని అమ్మినవి చాలావరకు అదే అచ్చును పొడవు తగ్గించి, రంగు మార్చి తెచ్చినవే. ఒకే పొడవున్న ఆడ, మగ పాదాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, వేళ్ల మొదళ్ల వెడల్పుతో పోల్చినప్పుడు ఆడపాదానికి మడమ సన్నం. పాదం వంపు తీరూ వేరే. పొడవు ఒక్కటీ తగ్గిస్తే ఈ తేడాలు సర్దుకోవు. మడమ జారుతోందని అర సైజు తక్కువ కొంటే బొటనవేలి గోరు ముందు అంచుకు కొట్టుకుని నల్లబడుతుంది. వేళ్లకు చోటు కావాలని అర సైజు ఎక్కువ కొంటే పరుగెత్తినప్పుడల్లా మడమ లేచి పడుతూ రాపిడికి బొబ్బలు తేలుతాయి.

2023లో యూరోపియన్ క్లబ్ అసోసియేషన్ 16 క్లబ్బుల్లో ఆడే 350 మంది క్రీడాకారిణుల్ని అడిగితే, బూట్ల వల్ల నొప్పో ఇబ్బందో ఉందని 82 శాతం మంది చెప్పారు. యూరప్ పెద్ద క్లబ్బుల్లో, డాక్టరూ ఫిజియో అందుబాటులో ఉన్నవాళ్ల పరిస్థితి ఇది. ఇన్నేళ్లు ఎవరూ పట్టించుకోని ఈ నొప్పి మీద కంపెనీల దృష్టి పడటానికి కారణం స్టేడియాలు నిండటం. 2022 మహిళల యూరో ఫైనల్‌కు లండన్‌లోని వెంబ్లీలో 87,192 మంది కూర్చున్నారు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగిన ప్రపంచ కప్ మ్యాచ్‌లకు మొత్తం 19 లక్షలకు పైగా వచ్చారు. అంతమంది చూసే ఆటకు వేరే లాస్ట్ చెక్కించడం కంపెనీలకు గిట్టుబాటు అయింది.

ఈ దారిలో ముందు నడిచింది పెద్ద కంపెనీ కాదు. లారా యంగ్‌సన్ 2017లో కిలిమంజారో పర్వతం మీద మహిళల మ్యాచ్ ఏర్పాటు చేసినవాళ్లలో ఒకరు. ఆ తర్వాత మెల్‌బోర్న్ కేంద్రంగా ఐడా స్పోర్ట్స్ మొదలుపెట్టారు. ఐడా బూట్లలో వేళ్ల గది వెడల్పుగా, మడమ గిన్నె సన్నగా, వంపు కింద ఆసరా ఎక్కువగా ఉంటుంది. అడుగున నేలను పట్టే ముళ్ల, అంటే స్టడ్స్, చోటు కూడా మార్చారు. ఇందులో మాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది మడమ గిన్నె. చూపుడు వేలు, బొటనవేలు లోపలికి పెట్టి మడమ వెనకభాగాన్ని రెండు పక్కలా నొక్కి చూడండి. ఆడా మగా ఇద్దరికీ అమ్మే మామూలు యూనిసెక్స్ బూటులో ఆ గోడలు దాదాపు నిటారుగా ఉంటాయి. ఆడవాళ్ల లాస్ట్ మీద చేసినదానిలో పైకి వచ్చేకొద్దీ లోపలికి ఒంగి, చీలమండ కింద పట్టుకుంటాయి. పాదం ముందుభాగం వెడల్పుగా ఉండి, యూనిసెక్స్ బూట్లతో విసిగిపోయినవాళ్లు ముందు చూడాల్సిన రకం ఇది. ఇక్కడి షాపుల్లో తొడిగి చూడటానికి దొరకడం కష్టం. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పిల్లల్ని సాకర్ క్లబ్బుల్లో చేర్పించిన తెలుగు తల్లిదండ్రులకు ఆ ఇబ్బంది తక్కువ.

2023 ప్రపంచ కప్‌కు ముందు నైకీ తెచ్చిన ఫాంటమ్ లూనా మరో దారి పట్టింది. దీన్ని చేతికి తీసుకుంటే ముందు తిరగేసి అడుగు చూడాలి. పాదం ముందుభాగం కింద స్టడ్స్ గుండ్రంగా, ఒక చక్రం గీసినట్టు పేర్చి ఉంటాయి. దీనికి సైక్లోన్ 360 అని పేరు. ఆటగత్తె ముందుపాదం మీద బరువు వేసి ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడు, పొడవాటి బ్లేడు స్టడ్స్ అయితే మట్టిలో అడ్డంగా నాటుకుపోతాయి. పాదం ఆగిపోతుంది, ఒళ్లు తిరుగుతుంది, మెలి మోకాలికి చేరుతుంది. చక్రంలా పేర్చినవి ఆ తిరుగుడుకు కొంత దారి ఇస్తాయి. పైభాగం గ్రిప్‌నిట్ అనే అల్లిక, తడిలోనూ బంతికి పట్టు ఇచ్చేలా చేసినది. చీలమండ చుట్టూ అల్లిక పట్టీ రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉండదు. అల్లిక గనక పాదం ఆకారానికి సాగి కూర్చుంటుంది, కానీ బాగా సన్నటి పాదం ఉన్నవాళ్లకు సాగిన తర్వాత పక్కలకు కాస్త వదులనిపించే అవకాశం ఉంది. అలాంటివాళ్లకు అల్లిక కన్నా సాగని సింథటిక్ పైభాగమే నయం. ప్యూమా తన బూట్లలో కొన్నింటికి ఆడవాళ్ల ఫిట్ విడిగా ఇస్తోంది. అడిడాస్ 2025లో ఎఫ్50 స్పార్క్‌ఫ్యూజన్ తెచ్చింది. కాబట్టి ఇప్పుడు ఒకే మోడల్‌తో సరిపెట్టుకోవాల్సిన పని లేదు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఈ బూట్లు వేసుకుంటే మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంట్‌కు (ఏసీఎల్) గాయం రాదని ఎవరైనా అమ్మితే నమ్మొద్దు. 2022 నవంబరు నుంచి 2023 మే లోపు ఒక్క ఆర్సెనల్ జట్టులోనే బెత్ మీడ్, వివియాన్ మీడెమా, లియా విలియమ్సన్, లారా వీన్‌రోయిదర్ ఈ లిగమెంట్ తెగి ఆటకు దూరమయ్యారు. కండరాల బలం, మైదానం, మ్యాచ్‌ల ఒత్తిడి, దూకి దిగే పద్ధతి ఇవన్నీ కలిసి వచ్చే గాయం అది. అందులో బూటుది ఒక పాలు. డబ్బు తక్కువుంటే బూటు కన్నా ముందు ఫిఫా 11+ వామప్ మొదలుపెట్టండి. పరుగు, తొడ వెనక కండరాలకు నార్డిక్ వ్యాయామం, ఒంటికాలి మీద నిలకడ, దూకి మోకాళ్లు లోపలికి ముడుచుకోకుండా దిగడం, అన్నీ కలిపి 20 నిమిషాలు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిల మీద చేసి 2008లో వెలువరించిన అధ్యయనంలో మొత్తం గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. వారానికి కనీసం రెండుసార్లు, విడవకుండా చేస్తేనే ఫలితం.

ఇక మన గ్రౌండ్ల సంగతి. అసలు పొరపాటు జరిగేది ఇక్కడే. పెట్టె మీద, అడుగున ఉండే ఎఫ్‌జీ, ఏజీ, ఎంజీ, టీఎఫ్, ఎస్‌జీ అనే అక్షరాల్ని ఎవరూ చదవరు. ఎఫ్‌జీ అంటే స్టడ్ దిగబడేంత మెత్తటి పచ్చిక గ్రౌండ్‌కు చేసినది. మన స్కూలు, కాలేజీ గ్రౌండ్లు ఎక్కువగా గట్టి ఎర్రమట్టి. స్టడ్ నేలలోకి దిగదు. దిగకపోతే ఒంటి బరువంతా పదీ పన్నెండు ముళ్ల మీదే నిలుస్తుంది, ఆ ఒత్తిడి నేరుగా వేళ్ల మొదళ్ల ఎముకలకు తగులుతుంది. బరువు తక్కువున్న అమ్మాయిలకు ఇంకో ఇబ్బంది, ఖరీదైన మోడళ్ల అడుగుపలక బిరుసుగా ఉండి వాళ్ల బరువుకు వంగదు. ఎదిగే వయసు పిల్లలకు ఇలాంటి నేల మీద మడమ నొప్పి పట్టుకుంటే వారాల తరబడి వదలదు. కాబట్టి మట్టి గ్రౌండ్ మీద ఆడే అమ్మాయికి ఎంత పేరున్నదైనా ఎఫ్‌జీ ఎలీట్ (అన్నిటికన్నా ఖరీదైన స్థాయి) బూటు కొనొద్దు. అడుగంతా చిన్న చిన్న రబ్బరు బొడిపెలుండే టీఎఫ్ కొనండి, లేదా రకరకాల నేలలకు పనికొచ్చేలా చేసిన ఎంజీ. హైదరాబాద్, విజయవాడల్లో గంటకింతని అద్దెకిచ్చే వల కట్టిన టర్ఫ్‌ల మీద కూడా టీఎఫ్ సరిపోతుంది. పొడవాటి కృత్రిమ గడ్డి ఉన్న పెద్ద మైదానమైతే పొట్టివి, గుండ్రటివి, ఎక్కువ సంఖ్యలో స్టడ్స్ ఉండే ఏజీ. అక్కడ ఎఫ్‌జీ వాడితే స్టడ్స్ గడ్డిలో ఇరుక్కుంటాయి. నల్లరేగడిలో వాన పడ్డాక మాత్రం టీఎఫ్ పనికిరాదు. బొడిపెల మధ్య బంక పట్టి అడుగు నున్నగా అయిపోతుంది. ఆ రోజు ఆట మానుకోవడమో, ఎఫ్‌జీ వేసుకోవడమో చేయాలి.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. సాయంత్రం పూట, ఆటకు వేసుకునే మేజోళ్లతో, గోడకు ఆనించి పరిచిన కాగితం మీద నిలబడాలి. మడమ గోడకు తగలాలి, బరువు ఆ కాలి మీద ఉండాలి. ఎవరో ఒకరు వంగి పెన్సిల్ నిటారుగా పట్టి అన్నిటికన్నా పొడవైన వేలి దగ్గర గీత గీయాలి. తనే వంగి గీసుకుంటే పాదం కదిలి కొలత తప్పుతుంది. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని తీసుకోండి. దానికి 5 నుంచి 8 మిల్లీమీటర్లు కలిపి, పెట్టె మీద సెంటీమీటర్లలో వేసే అంకెతో సరిపోల్చండి. పాదం 23.4 వస్తే 24 చూడాలి. నైకీలో ఇది యూకే 4.5, యూరోపియన్ 38, అమెరికన్ ఆడవాళ్ల 7. అమెరికన్ సైజులో ఆడవాళ్ల అంకె, మగవాళ్ల అంకె వేరు. నైకీలో తేడా ఒకటిన్నర. ఆన్‌లైన్‌లో తప్పు సైజు రావడానికి ఈ తికమక పెద్ద కారణం.

షాపులో అయితే ముందు ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. చిటికెన వేలు అంచు దాటి బయటికి పొర్లుతుంటే ఆ బూటు వెడల్పు చాలదు, తోలు సాగుతుందని షాపువాళ్లు చెప్పినా వినొద్దు. తొడిగాక లేసులు బిగించి మునివేళ్ల మీద పదిసార్లు లేవండి. మడమ జారకూడదు. ఇంకా కొద్దిగా జారుతుంటే లేసును చివరి రెండు రంధ్రాల మధ్య చిన్న ఉచ్చులా వదిలి, ఎదుటి కొసను అందులోంచి లాగి కట్టండి. చీలమండ దగ్గర పట్టు వస్తుంది. తర్వాత చేత్తో బూటు ముందుభాగాన్ని వంచి చూడండి. వంపు వేళ్ల మొదళ్ల దగ్గర పడాలి. మధ్యలో పడితే అది ఆ పాదానికి చేసిన బూటు కాదు. చివరగా గట్టి నేల మీద రెండు నిమిషాలు నడవండి. అరికాలిలో స్టడ్ తగులుతున్న చోటు తెలుస్తుంటే వద్దని చెప్పి లేవండి.

ఈ మార్పు ఫుట్‌బాల్ దగ్గర ఆగలేదు. రగ్బీలో, అల్టిమేట్ ఫ్రిస్బీలో చాలామంది అమ్మాయిలు వేసుకునేవి ఫుట్‌బాల్ బూట్లే. 2025 మహిళల రగ్బీ ప్రపంచ కప్ ఫైనల్‌కు ట్వికెన్‌హామ్‌లో 80 వేలకు పైగా జనం వచ్చారు. సన్నని మడమ గిన్నె ఉన్న బూటు రగ్బీలో వెనక వరుసల్లో పరుగెత్తేవాళ్లకు బాగా పనికొస్తుంది. స్క్రమ్‌లో, అంటే రెండు జట్లూ భుజాలు కలిపి తోసుకునే చోట, తోసేవాళ్లకు చక్రం స్టడ్స్ చాలవు, వాళ్లకు తడి మెత్తటి నేలకు చేసిన, నేలలో గట్టిగా నిలిచే ఎస్‌జీ కావాలి. రగ్బీ నిబంధన ప్రకారం స్టడ్ 21 మిల్లీమీటర్లు మించకూడదు, బొటనవేలి కొసన ఒంటరి స్టడ్ ఉండకూడదు. హాకీ టర్ఫ్ మీద టీఎఫ్ నడుస్తుంది. కబడ్డీ మ్యాట్ మీద స్టడ్స్ ఏవీ వద్దు, మ్యాట్ చిరుగుతుంది. పేస్ బౌలింగ్ చేసే అమ్మాయిలకు మాత్రం ఈ బూట్లు పరిష్కారం కాదు. ముందుకాలు నేలకు కొట్టే దెబ్బను తట్టుకునే మడమ దిండు వీటిలో లేదు. మడమ సన్నగా, వేళ్ల గది వెడల్పుగా ఉండే స్పైక్స్ వాళ్లకూ రావాలి. 2025 నవంబరులో వన్డే ప్రపంచ కప్ గెలిచిన భారత మహిళల జట్టులో కడప జిల్లా శ్రీచరణి, హైదరాబాద్ అరుంధతి రెడ్డి ఉన్నారు. కంపెనీలు ఇంక ఆగడానికి కారణమేమీ లేదు.

మగవాళ్ల బూట్లూ మారాయి. లూనాతో వచ్చిన సైక్లోన్ 360 అమరిక 2025లో నైకీ ఫాంటమ్ 6కు వెళ్లింది. ఆడవాళ్ల ఫుట్‌బాల్‌లో మొదలైన మార్పు బయటికి పాకడం నిక్కర్ల రంగు విషయంలోనూ జరిగింది. నెలసరి రోజుల్లో తెల్ల నిక్కర్లతో ఇబ్బందని ఫుట్‌బాల్ అమ్మాయిలు బహిరంగంగా అన్నాక, 2023లో ఐర్లండ్ మహిళల రగ్బీ జట్టు ముదురు నీలానికి మారింది. వింబుల్డన్ కూడా అదే ఏడాది స్కర్టు లోపల ముదురు రంగు లోనిక్కర్లను ఒప్పుకుంది.

నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్లి క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడిన గుగులోత్ సౌమ్యను చూసి బంతి పట్టే పిల్లలకు మా సలహా ఇది. ఏడాదిలో పాదం ఒకటి రెండు సైజులు పెరిగే వయసులో లూనా ఎలీట్ స్థాయి బూటు కొనడం డబ్బు దండగ. అదే మోడల్‌లో తక్కువ ధరలో వచ్చే అకాడమీ స్థాయి ఎంజీ గానీ, ఆడవాళ్ల ఫిట్ ఉన్న టీఎఫ్ గానీ చాలు. ఆట అయ్యాక మట్టిని పొడి బ్రష్‌తో దులపండి, ఇన్‌సోల్ తీసి, లోపల పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి నీడన ఆరబెట్టండి. ఎండలో పెడితే అడుగుపలక అతుకు ఊడుతుంది. వాషింగ్ మెషిన్‌లో వేయొద్దు. మూడు నెలలకోసారి కాగితం మీద పాదం మళ్లీ గీయండి, గీత మారితే బూటు ఎంత కొత్తగా ఉన్నా మార్చాల్సిందే.