ఆల్బమ్ రికార్డింగ్: అందరూ కలిసి వాయించడమా, ఒక్కొక్కరుగానా?

వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు అద్దెకు తీసుకుని సాధన చేసుకునే జామ్ రూమ్. బెంగళూరులో ఇలా నడిచే తెలుగు బ్యాండ్లలో సొంత పాటలు కొన్ని పోగవగానే మొదలయ్యే తగువు ఇది. స్టూడియోలో అందరూ ఒకేసారి లైవ్‌గా వాయించాలా? లేక ముందు డ్రమ్స్, తర్వాత బేస్, చివర్లో గొంతు అంటూ ఒక్కో ట్రాకూ పేర్చుకోవాలా? మేం రెండూ చేసి చూశాం. నా ఓటు లైవ్‌కే, పాట చేతికొచ్చి ఉంటే.

మద్రాసులో ఘంటసాల, సుశీల పాడే రోజుల్లో వాద్యబృందం, గాయకులు అంతా ఒకేసారి. ఒక్క వయొలిన్ తప్పినా పాట మళ్లీ మొదటికే. బీటిల్స్ తమ మొదటి ఆల్బమ్‌లో పది పాటలను 1963 ఫిబ్రవరి 11న, ఒక్క రోజులో, చాలావరకు కలిసి వాయించే రికార్డ్ చేశారు. ఈ కథ చెప్పి ఉత్సాహపడేవాళ్లు, అంతకుముందు వాళ్లు హాంబర్గ్, లివర్‌పూల్ క్లబ్బుల్లో రాత్రుల తరబడి వాయించిన సంగతి మాత్రం ఎత్తరు.

లైవ్‌లో అసలు తలనొప్పి బ్లీడ్. డ్రమ్స్ చప్పుడు పాడేవాళ్ల మైక్‌లోకి దూరిపోతుంది. తర్వాత గొంతు శ్రుతి సవరించబోతే వెనకున్న డ్రమ్స్ సింబల్ (ఇత్తడి పళ్లెం) మోత కూడా వంకరపోతుంది. గిటార్ తప్పు తీసేద్దామన్నా అది డ్రమ్స్ మైకుల్లో వినిపిస్తూనే ఉంటుంది. పైగా శబ్దం మీటరు దూరం వెళ్లడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, ఒకే దెబ్బ రెండు మైకుల్లో ముందూ వెనకా పడి డ్రమ్స్ పలచబడొచ్చు. అందుకే గిటార్ యాంప్‌ను పక్క గదిలో పెడతారు, బేస్‌ను మైక్ లేకుండా, గిటార్ తీగ నుంచే సిగ్నల్ అందుకునే డీఐ బాక్స్ ద్వారా నేరుగా తీసుకుంటారు, గొంతుకి విడిగా బూత్, అంటే శబ్దం చొరబడని చిన్న గది, ఇస్తారు. స్టూడియోవాళ్లను మైకుల బ్రాండ్ తర్వాత అడగండి. ముందు ఎన్ని గదులున్నాయి, అద్దంలోంచి డ్రమ్మర్ కనిపిస్తాడా, ఎవరికి ఏది ఎంత వినిపించాలో అలా ఒక్కొక్కరికీ వేరే హెడ్‌ఫోన్ మిక్స్ ఇస్తారా అన్నవి తేల్చుకోండి.

ట్రాకుల పద్ధతిలో ఈ గొడవే లేదు. తప్పు పడ్డచోట పంచ్ ఇన్ చేస్తే, అంటే ఆ ముక్క ఒక్కటే మళ్లీ వాయించి అతికిస్తే సరి. కాకపోతే హెడ్‌ఫోన్లో లయ కొట్టే క్లిక్‌కి కట్టుబడి వాయిస్తే, చరణం దిగి పల్లవి అందుకునేటప్పుడు సహజంగా వచ్చే ఆ చిన్న ఊపు పోతుంది. మేం అలా చేసిన పాటల్లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒకరు వాయించింది ఇంకొకరు విన్నట్టు మాత్రం లేదు. సరిదిద్దే వీలుందంటే సరిదిద్దుతూనే ఉంటాం కదా, గంటల అద్దె పెరిగిపోయింది.

మృదంగం, వేణువు ఉన్న పాటలకైతే ట్రాకులే మేలు. డ్రమ్స్ ఉన్న గదిలో వాటి సన్నటి నాదం మునిగిపోతుంది.

లైవ్‌కి సిద్ధమో కాదో తేల్చుకోవాలంటే జామ్ రూమ్‌లో ఫోన్ పెట్టి, కాగితం చూడకుండా, ఆపకుండా పాట మొత్తం వాయించి వినండి. ఎక్కడ తడబడుతున్నారో అక్కడే తెలిసిపోతుంది. గొంతు తర్వాత పాడుకోవచ్చు, అప్పటికి వాయించేవాళ్లకు ఆసరాగా, గైడ్‌గా బూత్‌లో పాడితే చాలు. మా గాయని గైడ్‌గా పాడిందే కొన్ని పాటలకు ఫైనల్ అయింది.

మా కీబోర్డ్ ప్లేయర్ ఇంకా ట్రాకుల పక్షమే. ఆయన ఒకదాని మీద ఒకటి పేర్చే సింథ్ లేయర్లు రెండు చేతులకు కుదిరేవి కావు మరి, అవి ఇంట్లో చేసుకుని తెమ్మన్నాం.