సఫోక్‌లో ఫోక్ హారర్ ఊళ్ళు తిరిగొచ్చాం: ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి, ఏది వదిలేయొచ్చు

బ్రిటిష్ ఫోక్ హారర్ ఇష్టమున్న వాళ్ళని లొకేషన్లు ఎక్కడ చూడాలి అని అడిగితే ముందు స్కాట్లాండ్ పేరే చెప్తారు, ఎందుకంటే 1973లో వచ్చిన 'ద వికర్ మ్యాన్' అక్కడ తీశారు, చివర్లో పుల్లలతో అల్లిన ఆ పెద్ద మనిషి బొమ్మని తగలబెట్టే సీన్ గాలొవేలో బరో హెడ్ అనే కొండ అంచు మీద తీసిందే. కానీ సినిమాలో ఉన్న దీవి కల్పితం, షూటింగ్ చాలా ఊళ్ళలో ముక్కలు ముక్కలుగా జరిగింది, అవన్నీ కలుపుకుంటూ తిరిగేసరికి రోజంతా కారులోనే అయిపోతుంది. నన్నడిగితే లండన్ చుట్టుపక్కల ఉండేవాళ్ళు ముందు సఫోక్ వెళ్ళండి, లండన్‌కి ఈశాన్యంగా తూర్పు తీరంలో ఉన్న కౌంటీ (మన జిల్లా లాంటిది). సినిమా, టీవీ, కథలు, జనం చెప్పుకునే కథలు, వీటన్నిటి వెనకాల ఉన్న అసలు చరిత్ర, మొత్తం ఒక్క కౌంటీలో దొరుకుతుంది.

ఈ మాట కొత్తగా వింటున్నవాళ్ళకి: ఫోక్ హారర్ అంటే దెయ్యం తలుపు చాటునుంచి దూకి భయపెట్టే రకం కాదు. ఊరి చివర పొలంలో పాతది ఏదో ఉంటుంది, ఊరంతా దాన్ని నమ్ముతుంది, బయటి నుంచి వచ్చినవాడు నమ్మడు, ఆ తర్వాత వాడి సంగతి. 2010లో బ్రిటిష్ నటుడు, రచయిత మార్క్ గాటిస్ బీబీసీ డాక్యుమెంటరీలో మూడు సినిమాలు కలిపి ఈ పేరుతో చెప్పాక అందరికీ అలవాటైంది: 'విచ్‌ఫైండర్ జనరల్' 1968, 'ద బ్లడ్ ఆన్ సేటన్స్ క్లా' 1971, ఇంకోటి పైన చెప్పిన వికర్ మ్యాన్. వీటిలో మొదటిదాని కథ, షూటింగ్ రెండూ చాలావరకు ఇటువైపే.

మా ఆయన, నేను, మా తమ్ముడు అక్టోబర్ మధ్యలో వెళ్ళాం. ట్రైన్ ఉంది, లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి ఇప్స్‌విచ్ దాకా, అక్కడ్నుంచి లోస్టాఫ్ట్ వెళ్ళే చిన్న లైన్, కానీ నేను చెప్పే ఊళ్ళలో సగానికి స్టేషనే లేదు, బస్సులు కూడా నమ్ముకునేలా లేవు. కారు తప్పదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, పొలాల మధ్య రోడ్లలో సిగ్నల్ మాటిమాటికీ పోతుంది, ఆ రోడ్లు కూడా ఒక్క కారు పట్టేంతే, ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి పోవాల్సిందే. అక్టోబర్ ఎందుకంటే చలికాలంలో కోటలు కొన్ని శని ఆదివారాలే తెరుస్తారు, చిన్న మ్యూజియంలు మూసేస్తారు, ఎండాకాలంలో రూమ్ రేట్లు మండిపోతాయి.

మొదట బరీ సెయింట్ ఎడ్మండ్స్. మార్కెట్ టౌన్, పెద్ద పార్కింగ్, అన్ని రేంజ్‌ల హోటళ్ళు, ఇండియన్ రెస్టారెంట్లు కూడా, శాకాహారులకి ఈ ట్రిప్ మొత్తంలో బాగా తిండి దొరికేది ఇక్కడే. పాత మఠం శిథిలాలు పార్కులో కలిసిపోయి ఉంటాయి, ప్రవేశం ఉచితం. దీనికి ఈశాన్యంగా కొంచెం దూరంలో గ్రేట్ లివర్‌మియర్ అనే ఊరుంది, దెయ్యాల కథల్లో మహానుభావుడు అనదగ్గ ఎం.ఆర్. జేమ్స్ (1862–1936) పెరిగింది అక్కడే, వాళ్ళ నాన్న ఆ చర్చికి రెక్టర్, అంటే పాస్టర్. అక్కడ టికెట్ లేదు, టీ కొట్టు లేదు, టాయిలెట్ కూడా లేదు, చర్చి, గడ్డి, ఓ పెద్ద మడుగు అంతే. అయినా వెళ్ళండి. చర్చి ఆవరణలో పాత సమాధి రాళ్ళ మీద మదర్‌సోల్ అనే ఇంటిపేరు కనపడుతుంది. జేమ్స్ రాసిన 'ది ఆష్ ట్రీ' కథలో మంత్రగత్తె అని ఉరితీసిన ఆవిడ పేరు మిసెస్ మదర్‌సోల్. ఆవిడని ఉరితీసేది కూడా బరీలోనే. చిన్నప్పుడు రోజూ చూసిన పేరుని తీసుకెళ్ళి కథలో పెట్టుకున్నాడన్నమాట, నాచు పట్టిన ఆ అక్షరాల మీద వేలు పెట్టి చదువుతుంటే నిజంగా ఒళ్ళు ఝల్లుమంది.

లావెనమ్ గురించి చాలామంది తెగ పొగుడుతారు. వంకర టింకర చెక్క ఇళ్ళు, మార్కెట్ స్క్వేర్, ఫోటోలకి సూపర్. విచ్‌ఫైండర్ జనరల్‌లో ఒకావిడని నిచ్చెనకి కట్టి మంటలోకి దించే సీన్ ఆ స్క్వేర్‌లోనే తీశారు. (నిజానికి ఇంగ్లండ్‌లో మంత్రగత్తెలన్న నేరానికి ఉరి వేసేవాళ్ళు, కాల్చేవాళ్ళు కాదు.) కానీ వీకెండ్ రష్, కాఫీ కూడా టూరిస్టు రేటు, ఓ పూటకి మించి వద్దు. రాత్రి ఉండటానికైతే నేను రికమెండ్ చేయను.

బ్రాండెస్టన్ మాత్రం ఎవరూ చెప్పరు, నేను అందరికీ చెప్తున్నా. చిన్న పల్లె. ఇంగ్లండ్‌లో ఊళ్ళ మొదట్లో బొమ్మలతో చెక్క బోర్డులు పెడతారు కదా, సాధారణంగా చర్చో, గొర్రెలో, గాలిమరో ఉంటుంది. ఈ ఊరి బోర్డు మీద ఉరికి వేలాడుతున్న మనిషి ఉంటాడు. ఆయన జాన్ లోవ్స్, ఈ ఊరి చర్చికి దాదాపు యాభై ఏళ్ళు పాస్టర్‌గా చేసిన ముసలాయన, వయసు 80 దగ్గర. ఊళ్ళోవాళ్ళతో ఆయనకి పడేది కాదు, తగాదాలు, కోర్టులు. 1645లో మంత్రగత్తెల్ని వెతికి పట్టించే మాథ్యూ హాప్కిన్స్ (విచ్‌ఫైండర్ జనరల్ సినిమా ఇతని మీదే) మనుషులు వచ్చినప్పుడు ఊరు ఆయన్ని అప్పగించేసింది. రాత్రుళ్ళు వరసగా నిద్రపోనివ్వకుండా గదిలో అటూ ఇటూ పరిగెత్తించారు, ఫ్రామ్లింగమ్ కోట కందకంలో తేలతాడా మునుగుతాడా అని నీళ్ళలో వేశారు, తేలితే మంత్రగాడని లెక్క. చివరికి నేనే క్షుద్రశక్తుల్ని పంపి హారిచ్ రేవు దగ్గర ఓడ ముంచేశాను అని ఒప్పుకున్నాడు, అసలు ఆ రోజు ఏ ఓడైనా మునిగిందా అని కనుక్కున్నవాడు లేడు. 1645 ఆగస్టు 27న బరీలో ఒకే రోజు 18 మందిని ఉరితీశారు, 16 మంది ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు, వాళ్ళలో ఈయనొకడు. పాస్టర్ వచ్చి ప్రార్థన చదవడానికి వీల్లేదన్నారు కాబట్టి తన అంత్యక్రియల ప్రార్థన తనే చదువుకున్నాడు.

సినిమాలో లోవ్స్ పాత్ర ఉంది, చూశాను, బాధపడ్డాను, కానీ ఆ బోర్డు కింద నిలబడ్డప్పుడు కలిగింది వేరు. హాప్కిన్స్ వేషం వేసిన విన్సెంట్ ప్రైస్ యాభై దాటినవాడు, అసలు హాప్కిన్స్‌కి అప్పటికి పాతికేళ్ళ చిల్లర. ఊళ్ళ దగ్గర డబ్బు తీసుకుని ఈ పని చేసేవాడు, స్టోమార్కెట్ ఊరు అతనికి 23 పౌండ్లు ఖర్చుపెట్టింది, అప్పట్లో రోజు కూలి 6 పెన్నీలు, పౌండుకి 240 పెన్నీలు. లెక్కేసుకోండి, 900 రోజుల పైన కూలి. మా తమ్ముడు అక్కడే అన్నాడు, "అక్కా, మన దగ్గర చేతబడి కేసులు ఇట్లాగే కదా మొదలయ్యేది, ముందు పొలం గట్టు తగాదా, తర్వాత ఎవరికో జ్వరం" అని. తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా చేతబడి చేశారన్న అనుమానంతో ముసలివాళ్ళని కొట్టి చంపిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం, మంత్రం పలకకుండా పళ్ళు ఊడగొట్టిన వార్తలు కూడా. అందుకే నాకు ఈ ఊరు 380 ఏళ్ళ కిందటి సంగతిలా అనిపించలేదు. ఫోక్ హారర్‌లో నిజంగా భయపెట్టేది ఊరంతా ఒక్కటై ఒకణ్ణి చూపించే ఆ వేలే అని నా నమ్మకం.

ఆ రాత్రి ఆ చుట్టుపక్కల ఒక బీ అండ్ బీలో (రాత్రి గది, పొద్దున టిఫిన్ ఇచ్చే ఇల్లు) దిగాం, పేరు అక్కర్లేదు. ఇల్లు అందంగా ఉంది గానీ రాత్రి పదికల్లా హీటింగ్ ఆపేశారు, అడిగితే టైమర్ అలా సెట్ అయ్యుంది అన్నారు, ఎక్స్‌ట్రా దుప్పటి ఇచ్చి సరిపెట్టారు. శాకాహారం అని బుకింగ్‌లో రాసినా పొద్దున ప్లేట్‌లో టోస్టు, పుట్టగొడుగులు, ఒక టొమాటో. బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి హీటింగ్ ఎన్నింటి దాకా, శాకాహారులకి ఏం పెడతారు అని రెండూ అడగండి. ఇంకో విషయం, పల్లెల్లో పబ్ వంటగది రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికి మూసేస్తారు, ఆదివారం సాయంత్రం చాలాచోట్ల తిండే ఉండదు. నేను పులిహోర, పొడులు, చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్ళాను కాబట్టి బతికాం.

ఫ్రామ్లింగమ్ కోట గోడ మీద చుట్టూ నడవొచ్చు, బాగుంటుంది. అయితే ఒక్క కోటకే టైమ్ ఉంటే నా ఓటు ఆర్ఫోర్డ్‌కి. రెండో హెన్రీ 1165 నుంచి 1173 మధ్య కట్టించాడు, బయటి గోడలు పోయి మధ్య బురుజు ఒక్కటే మిగిలింది, ఇరుకు మెట్లు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే కిందే కూర్చోవాలి. విచ్‌ఫైండర్ జనరల్ క్లైమాక్స్ ఇక్కడ తీశారు. దానికన్నా పాతది ఇంకో కథ ఉంది, కాగ్‌షాల్ మఠాధిపతి రాల్ఫ్ రాసిపెట్టాడు: జాలరుల వలలో ఒళ్ళంతా వెంట్రుకలున్న మనిషి పడ్డాడు, బట్టల్లేవు, పచ్చి చేప ఇస్తే చేత్తో పిండి నీళ్ళు పోయాక తినేవాడు. మాట్లాడమని కాళ్ళకి తాడు కట్టి వేలాడదీసి హింసించారు, మాట్లాడలేదు. చర్చికి తీసుకెళ్తే దండం పెట్టలేదు. చివరికి చుట్టూ వలలు కట్టి సముద్రంలో ఈదనిచ్చారు, వలల కిందనుంచి బయటపడి కూడా మళ్ళీ తనంతట తనే వెనక్కొచ్చాడట! కొన్నాళ్ళకి వెళ్ళిపోయాడు. ఎందుకు తిరిగొచ్చాడు అన్నది నన్ను ఇప్పటికీ వదలట్లేదు.

ఆర్ఫోర్డ్ నుంచి ఆల్డ్‌బరా మ్యాప్‌లో పక్కనే, కానీ మధ్యలో నది, చుట్టూ తిరిగి రావాలి. సటన్ హూ ఆ దారిలో లేదు, దానికి పడమరగా వుడ్‌బ్రిడ్జ్ వైపు వెళ్ళాలి. ఇవి రెండూ కలిపి చూస్తేనే మజా. జేమ్స్ 1925లో రాసిన 'ఎ వార్నింగ్ టు ది క్యూరియస్' కథలో ఊరి పేరు సీబరా, అది ఈ ఆల్డ్‌బరానే. శత్రువులు సముద్రం మీంచి రాకుండా పాత రాజులు తీరంలో మూడు కిరీటాలు పాతిపెట్టారు, ఒకటి సముద్రంలో పోయింది, ఒకటి రెండిల్‌షమ్‌లో తవ్వి కరిగించేశారు, మూడోదాన్ని ఒక కుటుంబం తరతరాలుగా కాపలా కాస్తుంది, ఒకాయన వచ్చి తవ్వేస్తాడు. మన ఊళ్ళలో బొడ్రాయి లాంటిదన్నమాట, కదిపితే ఊరికే కీడు. ఇక జేమ్స్ పోయాక మూడేళ్ళకి, 1939లో, ఇక్కడికి దగ్గర్లోనే సటన్ హూ దిబ్బలో నిజంగానే ఆంగ్లో-సాక్సన్ రాజు ఓడ, బంగారం, శిరస్త్రాణం బయటపడ్డాయి, అదీ రెండో ప్రపంచ యుద్ధం మొదలవబోయే ముందు! అసలు వస్తువులు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ఇక్కడ నకళ్ళే, టికెట్ కొంచెం ఎక్కువే అనిపించొచ్చు, కానీ దిబ్బల మధ్య నడవడానికైనా వెళ్ళాలి. బీబీసీ 1972 క్రిస్మస్‌కి జేమ్స్ రాసిన ఆ కిరీటాల కథని తీసింది, డైరెక్టర్ లారెన్స్ గోర్డన్ క్లార్క్, షూటింగ్ మాత్రం నార్ఫోక్ తీరంలో, అందుకని టీవీలో చూసిన బీచ్ ఇక్కడ వెతక్కండి.

ఉండటానికి ఆల్డ్‌బరాయే బెస్ట్. బీచ్ రోడ్డు మీద హోటళ్ళు ఖరీదు, వెనక వీధుల్లో కాటేజీ తీసుకున్నాం, వంటగదితో సహా, ముగ్గురికి హోటల్ కన్నా చవకే పడింది, ఓనరమ్మ చాలా మంచావిడ, హీటింగ్ రిమోట్ మా చేతికే ఇచ్చింది. ఊరి దక్షిణాన గులకరాళ్ళ మీద నడుచుకుంటూ పోతే కథలో వచ్చే మార్టెల్లో టవర్ (తీరాన్ని కాపాడటానికి కట్టిన పాత కోట) ఉంటుంది, నాలుగు గుండ్రటి బురుజులు అతికించి కట్టారు, పాత కట్టడాల్ని కాపాడే ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ వాళ్ళు సెలవులకి అద్దెకిస్తారు, కావాలంటే చాలా ముందే చూసుకోండి. ఫిష్ అండ్ చిప్స్ దగ్గర పెద్ద క్యూ. ఇక్కడ శాకాహారులు గానీ, బీఫ్ తినని వాళ్ళు గానీ ఒకటి అడగాలి: చిప్స్ ఏ నూనెలో వేయిస్తున్నారు అని, ఇంగ్లండ్‌లో కొన్ని షాపుల్లో పశువుల కొవ్వు వాడతారు. మా ఆయన అడిగితే కౌంటర్‌లో పిల్లాడు విసుక్కోకుండా లోపలికెళ్ళి కనుక్కుని వచ్చి చెప్పాడు.

డనిచ్ ఒకప్పుడు పెద్ద రేవు పట్నం. 1286, 1328 తుఫాన్లు రేవుని దెబ్బకొట్టాక సముద్రం కొంచెం కొంచెంగా ఊరు మొత్తం తినేసింది, అయినా 1832 దాకా పార్లమెంటుకి ఇద్దరు మెంబర్లని పంపుతూనే ఉంది! ఆఖరి పాత చర్చి, ఆల్ సెయింట్స్, టవర్ 1919లో పడిపోయింది. నీళ్ళ కింద గంటలు మోగుతాయని చెప్పుకుంటారు. నేను విన్నది గులకరాళ్ళ చప్పుడే. 1968లో జేమ్స్ కథ మీద జోనథన్ మిల్లర్ బీబీసీకి తీసిన 'విజిల్ అండ్ ఐల్ కమ్ టు యూ' సీన్లు కొన్ని ఇక్కడివే. మ్యూజియం చిన్నది, అందులో పాత పట్నం మోడల్ చూసి తర్వాత బీచ్‌కి వెళ్ళండి, అప్పుడే ఆ ఖాళీ నీళ్ళు ఏంటో అర్థమవుతుంది. కొండ అంచుకి దగ్గరగా పోవద్దు, మట్టి విరిగి పడుతుంటుంది.

చివరగా బ్లైబరా చర్చి, రోడ్డు పక్కనే, ఫ్రీ. 1577 ఆగస్టు 4న తుఫానులో బ్లాక్ షక్ అనే నల్ల దెయ్యపు కుక్క లోపలికి దూకి ఒక మగమనిషిని, ఒక పిల్లాణ్ణి చంపిందని, పోతూ పోతూ తలుపు మీద గోళ్ళ గుర్తులు వదిలిందని కథ. పిడుగు అంటారు చాలామంది. తలుపు మీద కాలిన నల్ల మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి, చెయ్యి పెట్టి చూడొచ్చు, నా బొటనవేలు ఒక మచ్చలో సరిగ్గా పట్టింది. పైన చూరుకి రెక్కలు చాపిన చెక్క దేవదూతలున్నారు, మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. అదే రోజు అదే కుక్క వెళ్ళిందని చెప్పే బంగే ఊళ్ళో మార్కెట్ దగ్గర గాలికోడి స్థానంలో కుక్క బొమ్మ ఉంటుంది, అది చూసి టీ తాగి రావడానికి అరగంట చాలు, టైమ్ లేకపోతే బంగే వదిలేసి ఆ అరగంట కూడా బ్రాండెస్టన్‌కే ఇవ్వండి.